బరువు ఎవరిది? సిగ్గు ఎవరికి?

పాలకుర్తిలో ఒక మధ్యాహ్నం పొదుపు సంఘం సమావేశం అయిపోయాక పది పన్నెండు మంది ఆడవాళ్లం కూర్చుని మాట్లాడుకుంటున్నాం. మాటలు బాకీల నుంచి మోకాళ్ల నొప్పులకు, అక్కడి నుంచి ఒళ్లు రావడానికి మళ్లాయి. నలభై దాటని ఒకామె నవ్వుతూనే అన్నది: "పెండ్లప్పుడు పుల్ల లెక్క ఉంటివి, ఇప్పుడు బస్తా లెక్క అయినవంటడక్కా మా ఆయన. నా దిక్కు చూడక రెండేండ్లాయె." అందరూ నవ్వారు. ఆమె మాత్రం కొంగు నిండా కప్పుకుంది.

"మరి ఆయనెట్లున్నడు?" అని అడిగాను. "ఆయనకేమక్కా, మొగోడు. బొజ్జ పెరిగింది, గంతే." "నీకు ఆయన మీద మనసున్నదా?" ఈసారి ఎవరూ నవ్వలేదు. చాలాసేపటికి ఆమె అన్నది: "ఆ మాట నన్నెవరడిగిన్రక్కా?"

నిజమే, మనమూ అడగలేదు. కట్నం గురించి, సారా గురించి, భూమి గురించి ఇన్నేళ్లుగా మాట్లాడాం. కోరిక మాత్రం తీరుబడి ఉన్న పట్నపు ఆడవాళ్ల సమస్య అనుకున్నాం. దున్నిన నేల మీద పండిన పంట నాదేనని విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన చిట్యాల ఐలమ్మ ఊరు ఇది. ఆ ఊళ్లో కూడా తన ఒంటి మీద తనకు ఇష్టం ఉండొచ్చని చెప్పడానికి ఒక స్త్రీకి ఇంత మొహమాటం.

ముందు ఒక అపోహ సంగతి. "ఆపరేషన్ అయినంక లావైన" అని చాలామంది అంటారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో అండవాహికలను మాత్రమే మూసేస్తారు. అండాశయాలు ఎప్పటిలాగే పనిచేస్తాయి. కాన్పులు, వయసు, థైరాయిడ్, తెల్లన్నంతోనే కడుపు నింపుకోవడం, నిద్రలేమి వంటి కారణాలు అనేకం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన స్త్రీలలో నూటికి 60 మందికి పైగా ఈ ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవాళ్ల ఆపరేషన్లు నూటికి రెండు మూడుకు మించవు. అదే సర్వేలో అధిక బరువున్న వారు స్త్రీలలోనూ పురుషులలోనూ నూటికి 30కి కాస్త అటూ ఇటూగా ఉన్నారు. అంటే బరువు ఇద్దరికీ వచ్చింది. సిగ్గు మాత్రం ఒకరికే వచ్చింది.

ఇక్కడ మనకొక చిక్కుంది. ఇష్టం లేదనే హక్కు భార్యకు ఉండాలని పోరాడిన వాళ్లం, భర్తకు ఇష్టం తగ్గితే అది నేరమని ఎట్లా అంటాం? 1983లో సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి దాంపత్య హక్కుల పునరుద్ధరణకు వీలు కల్పించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌ను కొట్టేశారు. స్త్రీ శరీరం గురించిన నిర్ణయం ఆమెదే కానీ రాజ్యానిది కాదన్నది ఆ తీర్పు సారం. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను సమర్థించింది. అది నేటికీ చట్టంలో ఉంది. ఆ తీర్పు వైపు నిలబడ్డ మనం కోరికను ఎవరి మీదా బలవంతంగా రుద్దలేం. అది భర్త మీదయినా సరే.

కానీ కోరిక తగ్గడం వేరు, దాన్ని ఆయుధం చేసుకోవడం వేరు. అతనికి ఇష్టం తగ్గితే అది ఆమె తప్పవుతుంది. ఆ తప్పు చూపించి నలుగురిలో నవ్వుతాడు, ఇంకొకరి దగ్గరికి పోతాడు. ఆమెకు ఇష్టం తగ్గితే అదీ ఆమె తప్పే! 2005 గృహహింస చట్టం అవమానించడాన్ని, ఎగతాళిని, పేర్లు పెట్టి పిలవడాన్ని హింసగానే గుర్తించింది. తన అంచనాకు తగ్గట్టు లేవని, ఇతర స్త్రీలతో పోలుస్తూ భార్యను పదేపదే దెప్పడం మానసిక క్రూరత్వమేనని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. "బస్తా" అనే మాట సరసం కాదని మన సంఘాల్లో ఎంతమందికి తెలుసు?

అయితే చట్టం అవమానాన్ని ఆపగలదేమో కానీ దగ్గరితనాన్ని తేలేదు. నేనూ నలభైల్లో ఉన్నదాన్నే. పితృస్వామ్యం మీద పరిశోధన చేసి కూడా అద్దం ముందు పొట్ట లోపలికి పీల్చి నిలబడ్డ రోజులున్నాయి. మనల్ని చూసే ఆ మగచూపు మన కళ్లలోనే కాపురం పెట్టింది. అందుకే దీపం ఆర్పేస్తాం, అడగడం మానేస్తాం, చివరికి కోరుకోవడమే మరిచిపోతాం. భర్త దూరమయ్యాడనుకుంటాం కానీ చాలాసార్లు మన శరీరానికి మనమే ముందు దూరమై ఉంటాం.

ఎవరైనా మనల్ని కోరుకోవాలన్నది హక్కు కాకపోవచ్చు. మారిన ఒంటితో అవమానం లేకుండా బతకడం, మన కోరికను మనమే చెప్పుకోగలగడం తప్పకుండా హక్కులే. నడక, తిండి, వైద్యం గురించి సంఘాల్లో మాట్లాడదాం. అయితే మోకాళ్ల కోసం, గుండె కోసం మాట్లాడదాం, మొగుడు తిరిగి చూడటం కోసం కాదు. ఇక ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు బాకీ ఉంది. వచ్చే సమావేశంలో పొదుపు లెక్కలు అయ్యాక, ఒకరినొకరం ఆ మాట అడుగుదాం.