పండితుల తగవును గూర్చి

అర్థశాస్త్రజ్ఞులు తమలో తామే పొసగరు గనుక వారి మాట చెవిని బెట్టనక్కఱలేదని సంఘ సభ్యులు కొందఱు మాతో ననుచుందురు. కూలిరేటు హెచ్చించినచో పనివారు తగ్గుదురా యను ప్రశ్న వచ్చినపుడు ఈ మాట మఱింత బిగ్గరగా వినవచ్చును. మేము దీని నంగీకరింపజాలము.

ఒకప్పుడు మేము రెండు మళ్ళలో ఒకే వరి నాటించి, ఒకదానిలో మాత్రము జీలుగ రొట్ట దున్నించి, పంట హెచ్చినదని గర్వముతో జూపితిమి. ఒక వృద్ధ రైతు "అయ్యా, ఆ మడి తూము ప్రక్కది గదా" యనెను. ఆయన సందేహించినది యెరువును గాదు, మా పోలికను. మఱుసటి యేడు ఏ మడికి రొట్ట వేయవలెనో చీట్లు తీసి నిర్ణయించితిమి. రోథాంస్టెడ్ క్షేత్రమున ఫిషరు పండితుడు స్థిరపఱచిన పద్ధతి యిదియే.

అర్థశాస్త్రజ్ఞుడు రాష్ట్రములకు చీట్లు తీయలేడు. దొరికిన గట్టుతోనే తృప్తిపడవలెను. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రము 1992 ఏప్రిలులో కనిష్ఠ వేతనమును గంటకు 4.25 డాలర్లనుండి 5.05 డాలర్లకు హెచ్చించెను. ప్రక్కనున్న పెన్సిల్వేనియా హెచ్చింపలేదు. కార్డు, క్రూగరు అను నిరువురు ఆ సరిహద్దునే గట్టుగా గొని, రెండువైపుల 410 ఫాస్టుఫుడ్ హోటళ్లను ముఖ్యముగా టెలిఫోను మీద విచారించి, న్యూజెర్సీలో పనివారు తగ్గినట్లు గానరాలేదని 1994లో ప్రకటించిరి. న్యూమార్కు, వాషరు అనువారు టెలిఫోను మాట చాలదని జీతాల పట్టీలు సేకరించి, పని తగ్గినదనిరి. మొదటివారు ప్రభుత్వపు లెక్కలతో మరల జూచి, చెప్పదగిన తగ్గుదల లేదనిరి. ఈ రెండు వ్యాసములును 2000లో ఒకే పత్రికలో వెలువడెను. 2021లో కార్డునకు నోబెలు బహుమతిలో సగము వచ్చినది. తగవు మాత్రము తీఱలేదు.

ఇది శాస్త్రమునకు తలవంపని మాకు దోపదు. వారు పోరాడినది దేనితో గొలువవలెనను విషయముపై. ఆ వృద్ధుడు మాతో బోరాడినదియు నదియే. ఏ లెక్క జూపినను మాట మార్చుకొననను పండితుడు వేఱు. అట్టివారు రెండు పక్షములందును గలరు, వారిని విడిచిపెట్టుడు.

అయితే హోటళ్లలో తేలినది మన నాట్లకూలికి అంటగట్టరాదు. ఇక్కడి ప్రశ్నకు ఇక్కడి లెక్కయే కావలెను. మన గ్రామములలో కూలిరేటు మారిన యేట, దానికి ముందును తరువాతను నాట్లకు ఎందఱు వచ్చిరో వ్రాసి యుంచిన రైతులు మా యెఱుకలో ఇద్దఱే కలరు.