పెట్రోలు బంకులు – భూగర్భజల పరీక్ష

నీటి శుద్ధిని నిర్ణయించుటకు మన ఫిఖ్హ్ గ్రంథాలు మూడు గుణాలను ప్రమాణంగా చెప్పినవి: రంగు, రుచి, వాసన. మలినం కలిసి వీటిలో ఏ ఒక్కటి మారినా ఆ నీరు వుజూకు పనికిరాదు. బావి గట్టున నిలబడిన సామాన్యునికి ఇంతకన్న సులభమైన పరీక్ష శతాబ్దాల తరబడి మరొకటి లేదు. అయితే వేలాది లీటర్ల పెట్రోలును భూమిలో పాతిన ట్యాంకులలో నిలువచేసే ఈ కాలంలో, త్రాగునీటి విషయమున ఈ పరీక్ష ఒక్కటే చాలుననుకొనుట ప్రమాదకరమని నా అభిప్రాయం.

పెట్రోలులో బెంజీన్ అనే ద్రవ్యం కలదు. అది మానవులలో క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ధారించింది. త్రాగునీటిలో అది లీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన ముక్కు, నాలుక పసిగట్టగల మోతాదు అంతకు ఎన్నో రెట్లు అధికం. అనగా వాసన తెలియునప్పటికి హద్దు ఏనాడో దాటిపోయి ఉంటుంది. మన దేశపు పెట్రోలులో బెంజీన్ నూటికి 1 వంతు వరకు ఉండవచ్చును. ఆ లెక్కన ఒక్క లీటరు పెట్రోలులోని బెంజీన్ అంతయు కరిగినచో సుమారు 8.8 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చగలదు. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ఈ గుణకారం తామే చేసి చూచుకొనవలెను. నా మాట నమ్మనవసరం లేదు.

బంకులలో ప్రతి ఉదయం డిప్ రాడ్ దించి నిల్వ చూస్తారు, లెక్క సరిపోయినచో కారుట లేదనుకొంటారు. కాని ఎండకు పెట్రోలు వ్యాకోచిస్తుంది, కొంత ఆవిరి అవుతుంది. కనుక లెక్కలో కొద్దిపాటి తేడా సహజమే. చిన్న కారుట ఆ తేడాలోనే దాగిపోతుంది. సెకనుకు ఒక చుక్క చొప్పున, 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకొన్నా, రోజుకు 4 లీటర్ల పైచిలుకు, ఏడాదికి 1,500 లీటర్లకు పైగా భూమిలోకి పోతుంది. రోజుకు వేల లీటర్లు అమ్మేచోట ఆ నాలుగు లీటర్లను ఎవరు వెదకుతారు?

అందుచేత ట్యాంకును కాక, దాని క్రింది నీటిని చూడవలెను. స్థలం చుట్టూ కనీసం మూడు పరిశీలన బావులు ఉన్నగాని నీరు ఏ దిక్కునకు సాగుచున్నదో తెలియదు. ఎగువన ఒకటి, దిగువన మిగిలినవి ఉండవలెను. పెట్రోలు నీటికన్న తేలిక గనుక నీటిమట్టంపై తెట్టుగా తేలుతుంది; వర్షాకాలంలో మట్టంతోపాటు పైకి లేచి, వేసవిలో దిగి, ఆ మధ్యనున్న మట్టికంతకు అంటుకొంటుంది. కనుక ఏడాదికొక పరీక్ష చాలదు, వానలకు ముందొకటి, తరువాత ఒకటి అవసరం. నమూనా తీయుటలోనూ శ్రద్ధ కావలెను. గొట్టంలో నిలిచిన పాత నీటిని తోడివేసి, క్రొత్త నీటిని గాలిబుడగ లేకుండా చిన్న గాజు సీసాలో నింపి, చల్లగా ఉంచి ప్రయోగశాలకు పంపవలెను. శీతలపానీయపు ఖాళీ సీసాలో సగం నీళ్లు పట్టుకొని వచ్చినచో బెంజీన్ దారిలోనే ఎగిరిపోతుంది. ఆ తరువాత వచ్చే నిర్దోష పత్రానికి విలువ లేదు.

అమెరికాలోని శాంటా మోనికా నగరపు అనుభవం తెలిసినదే. పెట్రోలులో కలిపే ఎం.టి.బి.ఇ. అనే ద్రవ్యం అచటి బావులలో కనబడగా 1996లో వాటిని మూసివేసినారు. నగరపు నీటిలో దాదాపు సగం పోయింది. ఆ బావుల నీరు శుద్ధి చేసి తిరిగి వాడుకొనుటకు పది సంవత్సరాలకు పైగా పట్టింది.

భూమిలోని సూక్ష్మజీవులే బెంజీన్‌ను తినివేయునని కొందరు అంటారు. అది నిజమే, అనేక చోట్ల మాలిన్యం కొంతదూరం పోయి ఆగిపోతుంది. కాని ఆగినదో లేదో పరిశీలన బావి వినా చెప్పునది ఏది? పైగా హైదరాబాదు పరిసరాలలో, తెలంగాణలో అధిక భాగాన మన క్రిందనున్నది గ్రానైటు రాయి. అందులో నీరు పగుళ్ల వెంట పోతుంది. ఇసుక నేలలో వేసిన అంచనాలు ఇచట పనిచేయవు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 నాటి మార్గదర్శకాలలో క్రొత్త బంకుకు, పాఠశాలలకు, ఇండ్లకు నడుమ 50 మీటర్లు, వీలుకాని చోట 30 మీటర్లకు తగ్గకుండా దూరం ఉండవలెనన్నది. మంచిదే. అయితే ఆ మీటర్లు నేలపైన కొలిచినవి, రాతి పగులు ఆ కొలతను ఎరుగదు.

తమ ట్యాంకును తామే పరీక్షించి, ఫలితాన్ని తమ బీరువాలోనే దాచుకొనే పద్ధతి నాకు సమ్మతం కాదు. ఖర్చు వ్యాపారి భరించవలెను; పరీక్ష వేరొకరు చేయవలెను; ఫలితం బంకు గోడపై, ధరల పట్టిక ప్రక్కనే, తెలుగులోను ఉర్దూలోను వ్రాసి పెట్టవలెను. బంకు మూతబడి ఆ స్థలాన దుకాణాలో, షాదీఖానాయో లేచునప్పుడు ఇది మరీ ముఖ్యం. ట్యాంకు తీసివేసినా, కారినది క్రిందనే ఉంటుంది. క్రొత్త యజమాని మొదట చేసే పని బోరు వేయుట.

కళాశాల కార్యవర్గం వారికి ఒక విన్నపం. ఇకపై మన ఆవరణలోగాని, వసతిగృహానికిగాని బోరు వేయదలచినప్పుడు, చుట్టుప్రక్కల ఇప్పుడున్న బంకులను, మూతబడిన పాత బంకులను ఒక పటంలో గుర్తించి, ఆ పటం చూచిన తరువాతనే స్థలం నిర్ణయించవలెను. ఆ పటం తయారుచేయుటకు ద్వితీయ సంవత్సరం రసాయనశాస్త్ర విద్యార్థులు, ఊరి పాతకాపులను నాలుగు ప్రశ్నలడిగే ఓపిక ఉన్న మరి కొందరు చాలును.