ద్వీపమున చదివిన ఒక ఇల్లాలి పేరు



గడచిన మాసమున ఒక ఆదివారమునాడు మావారు ఆబిడ్సు కాలిబాటపై పరచిన పాత పుస్తకములలోనుండి చీనాదేశపు దేవాలయముల చిత్రములు గల పుస్తకమొకటి తెచ్చిరి. ఎఱ్ఱని స్తంభములు, కొసలు పైకి వంగిన చూరులు, అగరువత్తుల పొగ. వానిని చూచి మా అమ్మాయి “ఇటువంటి గుడికి ఎప్పుడు పోదుము?” అని పట్టుబట్టినది. చీనావారు కట్టుకొన్న గుళ్లు కలకత్తాలో గలవు గాని ఉపాధ్యాయుని జీతముతో నలుగురైదుగురము అంత దూరము పోగలమా? మావారు కొంతసే పాలోచించి, “చీనా గుడిని చూపలేను. చీనా బౌద్ధులు పూజ్యునిగా నెంచు ఆచార్యుని పేరిట మన తెలుగునాట వెలసిన కొండను చూపెదను” అనిరి. అట్లు నాగార్జునకొండ ప్రయాణము నిశ్చయమైనది.

అచ్చటి మ్యూజియమునకు శుక్రవారము సెలవు. కావున రెండవ శనివారమునాడు తెల్లవారుజామున పులిహోర, దద్ధ్యోజనము మూటగట్టుకొని, అత్తగారిని, పిల్లలిద్దరిని వెంటబెట్టుకొని నాంపల్లినుండి బయలుదేరితిమి. ఇబ్రహీంపట్నము, మాల్, మల్లేపల్లి దాటి సాగరము చేరుటకు సుమారు నూటయేబది కిలోమీటరులు. ఆనకట్ట దాటి, విజయపురి సౌత్ రేవులో లాంచి యెక్కితిమి. పడవలు అన్ని దినములందును నడువవు. పోదలచువారు ముందుగా కనుగొని పోవుట మంచిది.

లాంచిలో సుమారు ఒక గంట. నలుదెసల నీరు, దూరమున నల్లమల కొండలు. అత్తగారు కృష్ణవేణమ్మకు చేతులు మోడ్చిరి. మావారు పిల్లలతో, “మన క్రింద ఒక పట్టణ మున్నది” అనిరి. అది ఇక్ష్వాకు రాజుల విజయపురి. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున వెలిగినది. 1926లో రంగస్వామి సరస్వతిగారు ఆ శిథిలములను లోకమునకు తెలిపిరి. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగక ముందే 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు జరిపి, దొరికిన శిల్పములను కొండకొమ్మునకు చేర్చిరి. నీరు చుట్టుకొనగా ఆ కొండయే ద్వీపమైనది. మ్యూజియము 1966లో తెఱచిరి.

నాగార్జునాచార్యు డీ కొండపై వసించెనని ప్రతీతి. ఆయన మాధ్యమక గ్రంథమును 409లో చీనా భాషలోనికి తెచ్చినవాడు కుమారజీవుడు. చీనావా రాచార్యుని లోంగ్‌షు అందురట, అనగా నాగవృక్షము. అర్జునమనగా మద్దిచెట్టే కదా! పేరుకూడ అనువాదమైనదని మే మానందించితిమి.

అయితే మేమచ్చట కనుగొన్న ముఖ్యవిషయము ఆచార్యుని గూర్చినది కాదు. ఆడువారిని గూర్చినది.

ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధ వాజపేయములు చేసిన వైదికుడు. ఆయన తోబుట్టువు శాంతిసిరి బౌద్ధ మహాచైత్యమునకు స్తంభము లెత్తించినది. సోదరుడు యజ్ఞము చేయగా సోదరి చైత్యము నిలిపినది. ఒక యింట రెండు ధర్మములు సుఖముగా నుండినవి. ఈమె రాజుగారి తోబుట్టువు గనుక సంపదకు లోటులేదనుకొందము. కాని బోధిసిరి యను నామె రాణి కాదు, ఒక గృహస్థు ఇల్లాలు, ఉపాసిక. ఆమె యొక చైత్యగృహమును కట్టించి దాని రాతినేలపై శాసనము చెక్కించినది.

ఆ శాసనపు ప్రతిని మావారు కాగితముపై వ్రాసి తెచ్చిరి. భాష ప్రాకృతము. చిన్ననాట తండ్రిగారికడ ఇంట నేర్చిన సంస్కృత మానాడు మాకు అక్కఱకు వచ్చినది. ఒక చెట్టునీడను కూర్చుండి కూడబలుకుకొని చదివితిమి. ఆ చైత్యగృహము ధర్మప్రచారము చేసిన తామ్రపర్ణి భిక్షువులకొఱకు కట్టినది. వారు వెలుగు నిచ్చిన దేశముల పట్టిక వచ్చినది. కాశ్మీరము, గాంధారము, ఆ వెంటనే చీనా! “అమ్మా! చీనా దొరికినది!” అని మా అమ్మాయి చప్పట్లు కొట్టినది.

ఆపైన బోధిసిరి తన భర్తవారిని, పుట్టినింటివారిని, తోబుట్టువులను, వారి బిడ్డలను పేరుపేరున తలచి, తన పుణ్యములో వారికి పాలు పంచినది. వేఱువేఱు విహారములకు తానిచ్చిన మండపములు, గదులు, చెఱువు అన్నియు వరుసగా చెప్పినది. తుదకు రాయి చెక్కిన శిల్పి విధికుని పేరైనను మఱువలేదు.

మా అమ్మాయి ఇదంతయు విని, “మరి మన ఊరి బడి రాతిమీద అమ్మమ్మ పేరేది?” అని యడిగినది.

మాకు మాట రాలేదు. మా పుట్టినింటి ఊరిబడిలో ఒక గది మా తల్లిగారి కాసులపేరు కరగించి కట్టినది. రాతిపై తండ్రిగారి పేరొక్కటే యున్నది. వారు చెడ్డతలంపుతో చేసినది కాదు. ఎవ్వరికిని తోచలేదు, మాకును తోచలేదు. అమ్మ యే దినమున నా రాతిని చూచి యేమనుకొన్నదో అడుగుదమన్న నామె గతించి ఆరేండ్లయినది. చీనా చరిత్రలు కుమారజీవుని పేరున తండ్రి కుమారాయణుని పేరును, తల్లి జీవ పేరును కలిసియున్నవని చెప్పును. అంత దూరదేశమున తల్లిపేరు బిడ్డపేరిలో నిలిచినది. మేము మా తల్లిపేరును గోడపై నిలుపలేకపోయితిమి.

తిరుగుప్రయాణమున లాంచిలో అత్తగారు మెల్లగా, “అమ్మాయీ, మీ మామగారు ట్రైనింగునకు పోవునప్పుడు నా వంకీలు, కంటె అమ్మినాము. అబ్బాయికి కూడ తెలియదు” అనిరి. మావారు చేతిలోని కాగితమును మడచి జేబులో నుంచుకొని తల వంచుకొనిరి. ఈ యింట పదునాలుగేండ్లుగా నున్న మేము వారిని ఒక్కసారియైన “మీరేమిచ్చితిరి అత్తయ్యగారూ?” అని యడిగి యెఱుగము.

ఆ రాత్రి నాంపల్లి చేరునప్పటికి పదిగంటలైనది. పిల్లలు నిద్రించిన పిమ్మట అత్తగారికడ కూర్చుండి, పద్దుల పుస్తకములో వెనుకపుట తెఱచి, వారు చెప్పగా వ్రాసితిమి. వంకీలు, కంటె, ఆడపడుచు పెండ్లికి ఇచ్చిన పట్టుచీరలు, కఱవుకాలమున ఇరుగుపొరుగు పిల్లలకు పోసిన గంజి. రెండు పుటలు నిండినవి. వారు నడుమ నడుమ, “ఇవన్నియు ఎందుకమ్మా?” అనుచునే మఱియొకటి జ్ఞప్తికి తెచ్చుకొనుచుండిరి.

మఱునాడు అన్నగారికి ఉత్తరము వ్రాసి సోమవారము ఆబిడ్సు పెద్ద తపాలాఫీసులో వేసితిమి. బడి రాతి క్రింద అమ్మ పేరొక పంక్తిగా చెక్కింపుడని కోరితిమి, ఖర్చు మేమే భరించెదమంటిమి. జవాబింకను రాలేదు. వచ్చినచో వచ్చు మాసమున తెలిపెదము.

మీలో ద్వీపమునకు పోజాలనివారు నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులోని మ్యూజియమున బౌద్ధశిల్పములు చూడవచ్చును. దానికిని తీరికలేదందురా, మీ యింట పెద్దవారెవరైన కూర్చుండియుందురు. వంట ముగిసిన పిమ్మట ఒక పుస్తకము, పెన్సిలు తీసికొని వారికడకు పొండు.