చర్మాన్ని వదిలేసిన వైద్యం

క్యాన్సర్ మందుల ధర దించిన పోరాటంలో తెలుగు నేలకు పెద్ద వాటాయే ఉంది. కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్లకు వాడే సోరాఫెనిబ్ తయారీకి 2012 మార్చిలో హైదరాబాద్ సంస్థ నాట్కోకు కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకున్నా మందు తయారుచేసే అనుమతి, దక్కింది. నెలకు దాదాపు 2.8 లక్షల రూపాయలు పలికిన మందు 8,800కు దిగింది. కానీ ఆ మాత్ర మింగిన మనిషి అరచేతులు, అరికాళ్లు ఏమవుతున్నాయో చూడటాన్ని మన వైద్య వ్యవస్థ నేటికీ తన బాధ్యత అనుకోవడం లేదు.

సోరాఫెనిబ్ మొదలైన కొద్ది వారాల్లోనే చాలామందికి ఒత్తిడి పడే చోటల్లా చర్మం ఎర్రబారి, కాయలు కాసి, బొబ్బలెక్కుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కిచ్చే జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ ముఖం, ఛాతీ, వీపు మీద చీముపొక్కులు లేపుతాయి. ఆ తర్వాత చర్మం ఎండి పగులుతుంది, గోళ్ల పక్కన వాస్తుంది. కణితిని పెంచే ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకం మీదే చర్మ కణాలూ ఆధారపడతాయి. ఈ మందులు దాన్ని అడ్డుకున్నప్పుడు చర్మమూ దెబ్బతింటుంది.

ఈ బాధ అనంతపురం జిల్లా తాడిపత్రి లాంటి చోట రెట్టింపవుతుంది. నాపరాయి, గ్రానైట్ పాలిష్ యూనిట్లలో బండలు మోసే చేతులకు బొబ్బలొస్తే కూలి పోయినట్టే. పొక్కులున్న ముఖంతో వేసవిలో 40 డిగ్రీల ఎండలోకి వెళ్లాలి. క్యాన్సర్ డాక్టరేమో బెంగళూరులోనో, తిరుపతిలోనో, హైదరాబాద్‌లోనో ఉంటాడు. దిక్కుతోచని రోగి మందుల షాపులో మొటిమల క్రీము కొంటే మంట ఎక్కువవుతుంది. ఇక భరించలేక అసలు మాత్రే మానేస్తే ప్రాణానికే ముప్పు. ఆ పొక్కులు మందు పనిచేస్తోందనడానికి గుర్తు కావచ్చని, మోతాదు సర్దే వీలుందని అతనికి ముందే చెప్పాల్సింది వైద్యులే.

ఇది తప్పించలేని బాధ కాదు. ఈజీఎఫ్ఆర్‌నే అడ్డుకునే మరో మందు పానిటుముమాబ్ వాడినవారికి మొదటి నుంచే మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, స్టెరాయిడ్ క్రీము, డాక్సీసైక్లిన్ ఇచ్చి చూసిన అధ్యయనం 2010లో వెలువడింది. సమస్య వచ్చాక వైద్యం అందినవారిలో 62 శాతం మందికి మధ్యస్థ, తీవ్ర చర్మబాధలు రాగా, ముందే జాగ్రత్తపడినవారిలో అవి 29 శాతమే. సోరాఫెనిబ్ రోగులకు 10 శాతం యూరియా క్రీము మేలు చేస్తుందని 2015లో చైనా వైద్యులు చూపారు. ఇవేవీ లక్షల ఖరీదు చేసేవి కావు.

ముందే తెలిసిన, ముందే ఆపగలిగిన దుష్ప్రభావాన్ని రోగి కర్మకు వదిలేయడం క్షమించరాని నిర్లక్ష్యం. క్యాన్సర్ మాత్ర ఇచ్చే ప్రతి ఆసుపత్రీ అదే రోజు చర్మరక్షణ మందులు, తెలుగులో సూచనల పత్రం చేతికివ్వాలి. రెండో వారంలో ఆశా కార్యకర్త ఇంటికెళ్లి చూడాలి. తాడిపత్రి ప్రభుత్వాసుపత్రి డాక్టరు ఫోన్‌లో క్యాన్సర్ నిపుణుణ్ని సంప్రదించే ఏర్పాటుండాలి. ఈ ఖర్చంతా రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవే భరించాలి. చర్మం ఓర్చుకోలేక రోగి మానేసే మాత్రను ఎంత చౌకగా ఇచ్చినా అది వైద్యం అనిపించుకోదు.