నొప్పి ఉందా అని అడగరేం?

గత ఏడాది మా పెద్దమ్మని న్యుమోనియాతో ఐసీయూలో చేర్చాం. గొంతులో గొట్టం, వెంటిలేటరు. మూడో రోజు లోపలికి వెళ్తే రెండు చేతులూ బ్యాండేజీ గుడ్డతో మంచం కమ్మీలకి కట్టేసి ఉన్నాయి. "గొట్టం పీకేసుకుంటోందండీ, రాత్రంతా గోల" అంది నర్సు. ఆ అమ్మాయిని తప్పుపట్టను, నాలుగు మంచాలకి తనొక్కతే. కానీ నొప్పి వల్ల గింజుకుంటోందేమో చూశారా అంటే జవాబు లేదు.

గొట్టం ఉన్న మనిషి నోటితో చెప్పలేదు, నిజమే. మొహం చిట్లించడం, ఒళ్లు బిగపట్టడం, మరకి ఎదురు ఊపిరి తియ్యడం గమనించి నొప్పిని అంచనా కట్టే పద్ధతులు వచ్చి చాలా ఏళ్లయింది. అమెరికాలోని క్రిటికల్ కేర్ వైద్యుల సంఘం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ముందు నొప్పి సంగతి చూడమనీ, మత్తు వీలైనంత తేలికగా ఉంచమనీ, మిడజోలం లాంటి మందులకన్నా వేరేవి మేలనీ సూచించాయి. మనవాళ్లకి ఇవి తెలియవనుకోను.

గొట్టం తీశాక పెద్దమ్మ గోడ మీద పాములున్నాయంది. కొడుకు తనని అమ్మేశాడంది. ఇది డెలీరియమనీ, పిచ్చి కాదనీ, తీవ్రమైన జబ్బు, నిద్రలేమి, కొన్ని మందుల వల్ల మెదడు తడబడటమనీ మాకెవరూ చెప్పలేదు. కొందరు గోల చెయ్యకుండా మగతగా పడి ఉంటారట. వాళ్లదీ ఇదే జబ్బు, కానీ "బుద్ధిగా ఉంది" అనిపించుకుంటారు. ఆడవాళ్లకి ఈ మెప్పు కొత్తేం కాదు! ఆమె కళ్లజోడు, చెవి మిషను మాత్రం బయట మా సంచీలోనే ఉండిపోయాయి. అవి పెట్టి, ఇది ఫలానా రోజు, ఫలానా చోటు అని మనవాళ్లెవరైనా చెబుతూ ఉంటే మనిషి తేరుకోవడానికి సాయమవుతుంది.

అప్పుడన్న మాటలకి కొడుకు ఇప్పటికీ అలిగే ఉన్నాడు. పెద్దమ్మ మొన్న నన్ను రహస్యంగా అడిగింది: "నా చేతులు కట్టేశారు, అదీ భ్రమేనంటావే?" కాదు, నిజమేనన్నాను.

మానసిక చికిత్సా సంస్థల్లో రోగిని కట్టాల్సి వస్తే కారణం రాసిపెట్టాలి, రోగి నియమించుకున్న ప్రతినిధికి 24 గంటల్లోగా తెలపాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పే మాట ఇది. ఐసీయూలో ఆ పాటి కాగితమైనా ఎందుకుండకూడదు? చేర్చేటప్పుడు పదిచోట్ల సంతకాలు పెట్టించుకున్నారు కదా. చేతులు కట్టే ముందు మమ్మల్ని పిలవమని అడుగుదాం. నొప్పికి ఏమిచ్చారో కేస్ షీట్‌లో చూపించమని కూడా అడుగుదాం.