రిజర్వు అర తెర మీదికెక్కింది, తాళం మాత్రం ఊడలేదు



అమెరికాలో నేను పరిశోధన సాగిస్తున్న విశ్వవిద్యాలయంలో గ్రంథాలయంవారు ఈ సెమిస్టరు నుండి కొత్త ఎలక్ట్రానిక్ రిజర్వు పద్ధతిని ప్రారంభించారు. ప్రకటన చదివి పొంగిపోయినవారిలో నేనూ ఒకణ్ణి. నెల తిరగకుండానే ఆ పొంగు చల్లారింది. ఎందుకో చెప్పుకుంటే తప్ప మనసు కుదుటపడేలా లేదు.

రిజర్వు అర అంటే ఎరుగనివారి కోసం ఒక మాట. తరగతికి అవసరమైన పుస్తకాన్ని ఆచార్యుడు గ్రంథాలయంలో పక్కన పెట్టిస్తాడు. అది ఎవరి ఇంటికీ పోదు. కౌంటరులో కార్డు చూపితే రెండు గంటలకు ఇస్తారు. ఆలోగా చదువుకోవాలి, లేదా జిరాక్సు యంత్రం ముందు నిలబడాలి. పరీక్షల ముందు ఆ వరుస చూస్తే నాకు చిన్ననాటి కిరోసిను క్యూ గుర్తుకొచ్చేది. రాత్రి ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్ళకు, చంటిబిడ్డల తల్లులకు ఆ వరుసలో చోటెక్కడిది? కనుక కావలసిన అధ్యాయాన్ని స్కాను చేసి, ఆ తరగతివారికి మాత్రమే సంకేతపదంతో అందజేయడం నిస్సందేహంగా మేలైన పని. నా తగవు యంత్రంతో కాదు.

తగవంతా యంత్రానికి తగిలించిన నియమంతో. ప్రచురణకర్తకు రుసుము చెల్లించి అనుమతి పొందితే తప్ప ఏ పుస్తకంలోని ఏ అధ్యాయాన్నీ తెర మీద పెట్టరట! అది గ్రంథాలయం సొమ్ము పోసి కొన్న పుస్తకమే అయినా సరే. మా ఆచార్యులవారు అడిగింది ఇరవై పుటల అధ్యాయం ఒక్కటి. అనుమతి రుసుమును శాఖ భరించలేనన్నది. ఆ అధ్యాయం పాఠ్యప్రణాళిక నుండి రాలిపోయింది. ఎవరూ దావా వేయలేదు, ఎవరూ తాఖీదు పంపలేదు. ఉరుము వినబడకముందే తలుపులు బిగించుకున్నారు.

చట్టం నిజంగా అంత కర్కశమైనదా? అమెరికా కాపీరైటు చట్టంలోని 107వ సెక్షను న్యాయమైన వినియోగానికి ఉదాహరణలు చెబుతూ బోధనను, తరగతి గది కోసం తీసే బహుప్రతులను పేరు పెట్టి మరీ పేర్కొంటుంది. 1976లో ఆ చట్టం రూపొందుతున్నప్పుడు రచయితల, ప్రచురణకర్తల, విద్యాసంస్థల ప్రతినిధులు కొందరు కూర్చుని మార్గదర్శకాలు రాసుకున్నారు. తాము చెబుతున్నది కనీసమే గాని గరిష్ఠం కాదని ఆ పత్రంలోనే రాశారు. ఎన్నో విశ్వవిద్యాలయాలు ఆ కనీసాన్నే గరిష్ఠంగా పట్టుకుని వేలాడాయి. మావాళ్ళు దానికన్నా కిందికి దిగారు.

భయానికి మూలం లేకపోలేదు. 2008 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయాలు, సేజ్ సంస్థ కలిసి అట్లాంటాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయంవారి మీద దావాకు దిగాయి. ఆరోపణ సరిగ్గా ఈ ఎలక్ట్రానిక్ రిజర్వుల మీదనే. అనుమతుల రుసుము వసూలు చేయడమే పనిగా గల కాపీరైట్ క్లియరెన్స్ సెంటర్ ఆ దావా ఖర్చులో పాలు పంచుకున్నదంటే ఎవరి ఆత్రం ఎంతో తెలుస్తూనే ఉంది. న్యాయమూర్తి ఒరిండా ఎవాన్స్ 2012లో డెబ్బైకి పైగా సందర్భాలను ఒక్కటొక్కటిగా పరిశీలించి, ఉల్లంఘనగా తేల్చినవి ఐదే. 2014లో పై కోర్టు ఆ తీర్పును తిరగదోడింది. పది శాతమంటూ ఒక గీత గీయడం చెల్లదనీ, ప్రతి భాగాన్నీ విడిగా తూచాలనీ అన్నది. 2016లో మళ్ళీ తూస్తే 48లో 4. మళ్ళీ అప్పీలు. 2020లో 48లో 10. పన్నెండేళ్ళ వ్యాజ్యం తరువాత మిగిలిన లెక్క ఇది! లైసెన్సు సులభంగా దొరికే చోట ప్రచురణకర్త వాదనకు బలం చేకూరుతుందని కూడా ఆ తీర్పులలో ఉంది, అది సబబే. కాని తూచమన్న చోట తక్కెడనే తీసి అవతల పారేయడం ఏమి విజ్ఞత?

ఢిల్లీలోనూ ఇదే తగవు నడిచింది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరి ఫోటోకాపీ అనే చిన్న దుకాణం మీద 2012లో కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ దావా వేశాయి. 2016 సెప్టెంబరులో జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా దాన్ని కొట్టివేశారు. చేత్తో కష్టపడి చేస్తే తప్పు కాని పని, యంత్రం వచ్చి సులువు చేసినంత మాత్రాన తప్పు కాజాలదన్నది ఆ తీర్పులోని సారం. అదే డిసెంబరులో ధర్మాసనం, బోధనకు అవసరమైన మేరకు తీసుకోవచ్చుననీ, శాతాల లెక్క లేదనీ చెబుతూ కొన్ని అంశాలను విచారణకు పంపింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావా ఉపసంహరించుకున్నారు. దుకాణం నడిపే మనిషి తట్టుకుని నిలబడ్డాడు. నిధులు, న్యాయవాదులు గల విశ్వవిద్యాలయం మాత్రం గొంగళిలో దూరింది.

రచయిత పొట్ట కొడతావా అని ఒక స్నేహితుడు నిలదీశాడు. పాఠ్యపుస్తకాన్ని అట్ట నుండి అట్టకు స్కాను చేసి పంచితే అది దొంగతనమే, నేను వెనకేసుకురాను. కాని పరిశోధన గ్రంథం రాసేవాడు అధ్యాయాల మీద వచ్చే చిల్లరకు రాయడు, నలుగురు చదువుతారని రాస్తాడు. నేను రాస్తున్నదీ అలాంటి పుస్తకమే.

మరొక్కటి. పెట్టిన కొద్ది పీడీఎఫులైనా సక్రమంగా ఉన్నాయా? ఉత్త బొమ్మలు. వెతికితే మాట దొరకదు. చూపు లేని విద్యార్థి కంప్యూటరులో చదివి వినిపించే సాఫ్టువేరు వాటి ముందు మూగబోతుంది. అక్షరం బొమ్మగా ఉండిపోతే ఏమవుతుందో యూనికోడు కోసం తంటాలు పడ్డ మనకు వేరే చెప్పాలా? పైగా సెమిస్టరు ముగిసిన మరునాడు అన్నీ మాయం. సమగ్ర పరీక్ష రాయవలసిన వాడికి అవి అప్పుడే కదా కావాలి!

ఇదంతా ఉత్తరంగా రాసి గ్రంథాలయ సంఘానికి ఇచ్చాను. వచ్చే సమావేశంలో చూస్తామన్నారు. రాలిపోయిన అధ్యాయం గల పుస్తకం మూడో అంతస్తులో తన చోటనే ఉంది. నిన్న దాని కోసం వెళ్ళాను. జిరాక్సు యంత్రం దగ్గర మా తరగతివాళ్ళు నలుగురు అప్పటికే వరుసలో ఉన్నారు.