ఎక్కడ చచ్చారని అడుగుతున్నారు కదా, వినండి

ఎక్కడో ఓ జవాను నేలకొరుగుతాడు. ఇంకెక్కడో ఓ ఆడపిల్లను చంపేస్తారు. శవం మార్చురీ దాటకముందే మనవాళ్ళ ఫోన్లలో ఒకటే ప్రశ్న చక్కర్లు కొడుతుంది: ఈ మానవహక్కుల వాళ్ళంతా ఎక్కడ చచ్చారు? అడిగేవాళ్ళకు జవాబు అక్కర్లేదని నాకు తెలుసు. అయినా చెబుతాను. నచ్చకపోతే పేజీ తిప్పేయండి, నాకేం నష్టం లేదు.

డాక్టర్ రామనాథం వరంగల్‌లో, తన క్లినిక్‌లోనే చచ్చారు. పిల్లల డాక్టరు. పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు. 1985 సెప్టెంబర్ 3. ముందురోజు కాజీపేటలో నక్సలైట్లు ఓ ఎస్సైని చంపారు. ఆ ఎస్సై శవయాత్ర నగరంలో సాగుతుండగా అందులోంచి కొందరు క్లినిక్‌లోకి దూరి, పిల్లలకు మందు రాసే మనిషిని కాల్చేశారు. ఎస్సైని చంపింది ఒకరు, చచ్చింది ఇంకొకరు. కాల్చినవాళ్ళెవరయ్యా అంటే గుర్తు తెలియని వ్యక్తులట. పోలీసు ఊరేగింపులో నడిచినవాళ్ళు పోలీసులకే గుర్తు తెలియలేదు! ఆ కేసు ఏమైందని మీలో ఒక్కరైనా ఎప్పుడైనా అడిగారా?

జాపా లక్ష్మారెడ్డి జగిత్యాలలో, 1986లో. నర్రా ప్రభాకర్‌రెడ్డి అనే వకీలు వరంగల్‌లో, 1991 డిసెంబర్ 7న. పురుషోత్తం హైదరాబాద్‌లో, 2000 నవంబర్ 23న. ఆయన కోసం కార్చిన కన్నీళ్ళు ఆరకముందే, 2001 ఫిబ్రవరి 18న నల్లగొండలో ఆజం అలీ. పాలమూరులో కనకాచారి అనే మాస్టారు, 2005 ఆగస్టులో. ఈసారి చంపినవాళ్ళకు పేర్లు కూడా పెట్టారు. గ్రీన్ టైగర్స్ అన్నారు, నర్సా కోబ్రాస్ అన్నారు. పులులట, తాచులట. ఈ ముఠాలకు ఆఫీసు లేదు, అధ్యక్షుడు లేడు, అడ్రసు అసలే లేదు. హక్కుల సంఘం మనిషి ఏ పూట ఇంట్లోంచి బయటికొస్తాడో మాత్రం వాటికి నిమిషాలతో సహా తెలుసు. ఇంత పక్కా సమాచారం వీళ్ళకు ఎవరిచ్చేవాళ్ళో ఊహించడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు.

మీ రెండో మాట నాకు తెలుసు. వాళ్ళంతా నక్సలైట్ల తొత్తులు కదా, అంటారు.

బాలగోపాల్ పేరు విన్నారా? కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పేవాడు. 1985లో ఉద్యోగం వదిలేశాడు. పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శిగా ఆర్టీసీ బస్సెక్కి, దిగి, నడిచి, ఎన్‌కౌంటర్ జరిగిందన్న ప్రతి ఊరికీ వెళ్ళాడు. 1989లో ప్రజాబంధు అనే ముసుగు ముఠా ఆయన్ని ఎత్తుకుపోయింది. అదే మనిషి, నక్సలైట్లు చేసే హత్యల్నీ హక్కుల సంఘం ప్రశ్నించి తీరాలని తన సొంతవాళ్ళతోనే ఏళ్ళ తరబడి వాదించి, చివరికి బయటికొచ్చి, 1998లో మానవహక్కుల వేదిక పెట్టాడు. తర్వాత నల్లకోటు వేసుకుని కోర్టుల్లో పేదవాళ్ళ కేసులు వాదించాడు. 2009 అక్టోబర్ 8న పోయాడు. ఆయన రాసినవి పుస్తకాలుగా ఉన్నాయి, తెలుగులోనే ఉన్నాయి. ఒక్క పేజీ చదివారా? చదవరు. చదివితే తిట్టడానికి వీలుండదు.

ఇక నాయకుల సంగతి. ఈ రాష్ట్రాల్లో ప్రతిపక్షంలో ఉన్నన్నాళ్ళు ప్రతి నాయకుడూ పౌరహక్కుల సిద్ధాంతకర్తే. నక్సలైట్లను దేశభక్తులని కొనియాడి గద్దెనెక్కిన ఎన్టీఆర్ పాలనలోనే రామనాథం గుండెల్లో తూటా దిగింది. నక్సలైట్ల ఎజెండాయే మా ఎజెండా అని తెలంగాణ ఉద్యమంలో గొంతు చించుకున్న పెద్దాయన గద్దెనెక్కాక ఏం జరిగింది? ప్రొఫెసర్ హరగోపాల్ పక్కన కూర్చుని ప్రత్యేక రాష్ట్రం గురించి మాట్లాడినవాళ్ళ ప్రభుత్వంలోనే, 2022 ఆగస్టులో ములుగు జిల్లా తాడ్వాయి స్టేషన్లో ఆయన మీద ఉపా అనే కఠిన చట్టం కింద కేసు కట్టారు. మొత్తం 152 మంది పేర్లు. పది నెలల దాకా ఎవరికీ తెలియదు. ఆ జాబితాలో జస్టిస్ సురేశ్ కూడా ఉన్నారు. బొంబాయి హైకోర్టులో జడ్జీగా పనిచేసిన ఆయన 2020లోనే కన్నుమూశారు. చచ్చి రెండేళ్ళయిన జడ్జి ములుగు అడవుల్లో ప్రభుత్వాన్ని కూలదోయడానికి కుట్ర పన్నాడన్నమాట! నలుగురూ నవ్వాక, కేసు ఎత్తేయండని ముఖ్యమంత్రే చెప్పాల్సి వచ్చింది. ఆయన మనసు కరిగి చెప్పాడని ఇంకా ఎవరైనా నమ్ముతుంటే వాళ్ళకో దండం.

ఢిల్లీ ఏమైనా తక్కువ తిందా? 2023 అక్టోబర్ 2న కేంద్ర దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ రెండు తెలుగు రాష్ట్రాల్లో హక్కుల సంఘాల వాళ్ళ ఇళ్ళ మీద పడింది. గాంధీ జయంతి రోజు. ఉదయం విగ్రహానికి దండ, అదే ఉదయం అహింసగా కాగితాలు రాసుకునేవాళ్ళ బీరువాల్లో చేతులు.

ఇప్పుడు మీ దగ్గరికొద్దాం. అవును, మీ దగ్గరికే.

2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి వంతెన దగ్గర, ఓ ఆడపిల్లపై అత్యాచారం, హత్య కేసులో పట్టుకున్న నలుగురిని పోలీసులు కాల్చేశాక మీరేం చేశారు? పోలీసుల మీద పూలు చల్లారు. స్వీట్లు పంచారు. రాఖీలు కట్టారు. ఆ పిల్లకు జరిగిన ఘోరానికి కడుపు మండనిదెవరికి? నాకూ మండింది. కానీ కోర్టు వద్దు, సాక్ష్యం వద్దు, ట్రిగ్గర్ చాలని చంకలు గుద్దుకున్నారే, అది వేరే సంగతి. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగ్గది కాదంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లంది. పదిమంది పోలీసుల మీద హత్యానేరం విచారించాలంది. ఆ రోజు మీ గ్రూపుల్లో పూల బొమ్మలు కనబడలేదే? ముళ్ళ బొమ్మ కూడా కనబడలేదు. కిక్కురుమనలేదు.

2015 ఏప్రిల్ 7 గుర్తుందా? ఒకే రోజు శేషాచలం అడవుల్లో ఎర్రచందనం నరికారన్న ఇరవై మంది తమిళ కూలీలు, ఆలేరు దగ్గర పోలీసు వ్యాన్‌లో ఐదుగురు విచారణ ఖైదీలు పోలీసు తూటాలకు చచ్చారు. సంకెళ్ళతో ఉన్నవాళ్ళు తుపాకులు లాక్కోబోయారట. ఎర్రచందనం దుంగలకు డబ్బు పెట్టిన ఒక్క పెద్దమనిషికైనా ఆ అడవిలో గీత పడిందా? చెట్టు నరికే చేతికి తూటా, చెట్టు అమ్మే చేతికి కండువా.

నాకు తెలిసిన ఒక పెద్దమనిషి ఉన్నాడు. రిటైరయ్యాడు, సుప్రభాతంతో పాటే హక్కుల సంఘాల మీద శాపనార్థాలు పంపుతుంటాడు. ఓ రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేశాడు. గొంతులో వణుకు. చెల్లెలి కొడుకును బైకు దొంగతనం కేసులో స్టేషన్‌కు తీసుకెళ్ళారట, రెండు రోజులైందట, ఎక్కడున్నాడో చెప్పడం లేదట. ‘మీకు ఆ హక్కుల వాళ్ళు తెలుసు కదండీ.’ ఆ హక్కుల వాళ్ళు! ఆ జిల్లాలో ఉన్న ఒక్క మనిషి, చిన్న ఊరి వకీలు, పాత స్కూటర్ మీద వెళ్ళాడు. ఏ సెక్షన్, ఎప్పుడు అరెస్టు చేశారు, మెజిస్ట్రేట్ ముందు ఎందుకు పెట్టలేదు అని మూడు ప్రశ్నలు అడిగాడు. అరెస్టెక్కడండీ, ఎంక్వైరీకి పిలిచాం అన్నారు. అయితే ఆ మాటే కాగితం మీద రాసివ్వండి అన్నాడు. కాగితం రాలేదు. తెల్లారేసరికి కుర్రాడు బయటికొచ్చాడు, అరికాళ్ళు నేల మీద ఆనించలేక గోడ పట్టుకుని. వకీలు స్కూటర్‌లో పెట్రోలు కూడా మన పెద్దమనిషి పోయించలేదు. మళ్ళీ ఎక్కడో ఎన్‌కౌంటర్ జరిగింది. ఆయన ఫోన్లో మళ్ళీ అదే ప్రశ్న: ఎక్కడ చచ్చారు?

సిగ్గుండాలి.

హక్కుల సంఘం వాళ్ళు చేసే పని చూస్తే మీకు విసుగు పుడుతుంది. ఎఫ్ఐఆర్ కాపీ కోసం తిరగడం. పోస్టుమార్టం రిపోర్టులో గాయం ఎటునుంచి ఎటు వెళ్ళిందో చూడడం. పంచనామాలో సంతకం పెట్టిన సాక్షి ఆ రోజు ఊళ్ళో ఉన్నాడో లేడో వాకబు చేయడం. విశాఖ మన్యంలో వాకపల్లి అనే కోందు పల్లె ఉంది. 2007 ఆగస్టులో కూంబింగ్‌కు వచ్చిన పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని పదకొండు మంది ఆడవాళ్ళు చెప్పారు. వాళ్ళతో పాటు కింది కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా మానవహక్కుల వేదిక మనుషులు ఓపిగ్గా తిరిగారు. 2023 ఏప్రిల్‌లో తీర్పొచ్చింది. దర్యాప్తు సరిగ్గా చేయలేదన్న కారణంతో పోలీసులందరినీ వదిలేశారు, ఆ ఆడవాళ్ళకు మాత్రం పరిహారం ఇవ్వమన్నారు. తప్పు జరగలేదంటే పరిహారం దేనికి? జరిగిందంటే శిక్ష ఏది? పదహారేళ్ళు ఒక కేసు వెంట ఉండడం, అదీ ఓట్లు రాని చోట, కెమెరా ఎక్కని కొండ మీద! మీ నాయకుల్లో ఒక్కడు పదహారు రోజులు ఉంటాడా?

ఇంకో జాతిని కూడా వదలను. సంస్మరణ సభల జాతి. ఫోటోకు దండ వేస్తారు, ముందు వరుసలో కూర్చుంటారు, మైకు పట్టుకుంటే వదలరు. సాయంత్రానికి ప్రభుత్వ పురస్కారానికి కొలతలిచ్చి శాలువా కప్పించుకుంటారు. బతికున్నప్పుడు బాలగోపాల్ ఫోన్ ఎత్తనివాళ్ళు చచ్చాక ఆయనకు ఆప్తమిత్రులయ్యారు. హక్కుల సంఘాలకూ ఓ మాట: సభలో ముప్పై ఏళ్ళ లోపు ముఖాలు వేళ్ళ మీద లెక్కపెట్టాల్సి వస్తోందంటే లోపం కుర్రాళ్ళదొక్కటే కాదు. మీ కరపత్రాల భాష కరడుగట్టింది. మీలో మీరు చీలడంలో చూపిన చురుకు కొత్తవాళ్ళను చేర్చుకోవడంలో చూపలేదు. ఆడవాళ్ళకు కుర్చీ వేయడానికి ఇన్నేళ్ళు పట్టిందేం? ఈ మాట అన్నందుకు నామీద అలిగేవాళ్ళు అలగండి.

అయినా వాళ్ళు సాధించిందొకటి చెప్పాలి. 2009 ఫిబ్రవరిలో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఓ తీర్పిచ్చింది. ఎన్‌కౌంటర్ చావు జరిగితే హత్యకేసు నమోదు చేయాలి, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు కావాలి. ఆ పిటిషన్ వేసింది మీరు తొత్తులన్న ఆ పౌరహక్కుల సంఘమే. నెల తిరక్కుండా పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకెళ్ళి స్టే తెచ్చుకుంది. నేరం చేయనివాడికి కేసంటే అంత భయమెందుకో!

నన్ను తిడతారని తెలుసు. తిట్టండి. కానీ ఒక్క పని చేసి తిట్టండి. మీ వీధిలో ఎవరినైనా రాత్రిపూట జీపెక్కిస్తే, వాడు మీ కులంవాడు కాకపోయినా, మీ మతంవాడు కాకపోయినా, నిజంగానే దొంగైనా సరే, స్టేషన్‌కు వెళ్ళి ఏ సెక్షనో అడగండి. అరెస్టుకు కారణం చెప్పాలనీ, ఇరవై నాలుగు గంటల్లో మెజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలనీ రాజ్యాంగం 22వ అధికరణంలో రాసుంది. అది అడగడానికి ఏ సంఘంలోనూ సభ్యత్వం అక్కర్లేదు. వెళ్ళి అడిగి రండి, తర్వాత మాట్లాడదాం.